తప్పుగంట

ఇద్దరు ముసలివాళ్ళ మాటలు నా దగ్గర ఉండిపోయాయి. ఒకరి మాట ఇంకొకరికి చేర్చడమే ఆ రోజు నా పని. చేర్చలేదు. ఏళ్ళు గడిచాయి, ఇద్దరూ పోయారు, ఆ మాటలు మాత్రం నాలో అలాగే కూర్చున్నాయి. ఎక్కడికి వెళ్ళినా వాటిని మోసుకునే వెళ్తున్నాను. ఇప్పుడు ఎవరికి చెప్పాలో తెలియక మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలిస్తే చెప్పగలిగేదాన్ని కాదేమో.

నా పేరు అడగకండి. నన్నెరిగినవాళ్ళు నా నోట్లో నువ్వు గింజ నానదంటారు. నిజమే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా తెలుగువాళ్ళలో ఎవరికి ఇల్లు దొరికింది, ఎవరి పిల్లకి కీటాలో, అంటే ఇక్కడి బాలబడిలో, సీటొచ్చింది, ఎవరి వీసా ఎక్కడ ఆగింది, అన్నీ ముందు నాకే తెలుస్తాయి. మా ఆయన నన్ను రేడియో అని పిలుస్తాడు. అలాంటి రేడియో ఒక్క సంగతి ఇన్నేళ్ళు దాచింది. దాచిందా, లేక చెప్పడం చేతకాలేదా? ఇక్కడే నాకు తికమక మొదలవుతుంది.

సరే, మొదటినుంచీ చెప్తాను. కానీ ఏది మొదలు? నేను పుట్టకముందే మొదలైంది ఇది.

అనంతపురం జిల్లాలో, వాన మొహం చూడని ఒక మారుమూల, ఎర్రబండ గని అని ఒక చిన్న బంగారు గని ఉండేది. ఏ రాజుల కాలంలోనో పైపైన తవ్వి వదిలేసిన గుంతలవి. తర్వాత తెల్లదొరల కంపెనీ వచ్చి లోతుగా తవ్వింది. గిట్టుబాటు కాలేదు, సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. చాలా కాలానికి మళ్ళీ తెరిచారు. బండ్లకొద్దీ రాయిని పిండి చేస్తే చిటికెడు బంగారం. ఆ చిటికెడు కోసం అక్కడ క్వార్టర్స్, బడి, సినిమా వేసే షెడ్డు, అన్నీ వెలిశాయి. మా అమ్మ ఆ క్వార్టర్స్‌లోనే పుట్టి పెరిగింది. నేను చూసేటప్పటికి గని మూతపడి చాలా కాలమైంది. కప్పు లేని గోడలు, వాటి మధ్య కంపచెట్లు, ఊరి చివర బూడిదరంగు రాతిపిండి దిబ్బ, వీధి వదలని నాలుగు కుటుంబాలు, అంతే మిగిలింది. సెలవుల్లో పిల్లలం గోనెసంచుల మీద కూర్చుని ఆ దిబ్బ మీంచి జారేవాళ్ళం. అందులో విషం కలిసుంటుందని మాకెవరూ చెప్పలేదు.

మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాన్న, ఆ గనిలో వైండర్ డ్రైవర్. మనుషుల్ని గనిలోకి దించి మళ్ళీ పైకి తెచ్చే యంత్రం ఆయన చేతిలో ఉండేది. మనుషులు ఎక్కే ఇనుప పెట్టెని అక్కడివాళ్ళు బోను అనేవాళ్ళు. తాత పైన ఇంజన్ రూములో ఉంటాడు. కింద ఏం జరుగుతోందో ఆయనకి కనపడదు. కిందివాళ్ళు తాడు లాగితే ఆయన తల మీద గంట మోగుతుంది. ఎన్నిసార్లు మోగిందన్నదాన్ని బట్టి ఎత్తాలో, దించాలో, ఆపాలో తెలుస్తుంది. గంట మోగకుండా బోను కదలకూడదు. గనిలో ఇంతకు మించిన నియమం లేదు.

ఆ రోజుల్లో ఒక జర్మన్ ఇంజనీరు కొత్త యంత్రం బిగించడానికి వచ్చాడు. పడుచువాడు. గంటల లెక్క చూసి కంగారుపడ్డాడు. ఒక్కో షిఫ్టుకి ఒక్కో అలవాటు. అందుకని తనే ఒక కొత్త లెక్క పెట్టి, బడి పంతులు చేత తెలుగులో బోర్డు రాయించి తగిలించాడు. అందరూ "సరే దొరా" అన్నారు. కొన్నాళ్ళకి దసరాల్లో ఆయుధపూజ రోజున పుల్లన్న అనే కార్మికుడు బోను దగ్గర పడి చనిపోయాడు. పుల్లన్న పాత లెక్కలో గంట కొట్టాడట. పాత లెక్కలో దానికి ఆగమని అర్థం. కొత్త లెక్కలో ఎత్తమని. తాత కొత్త లెక్క ప్రకారం ఎత్తాడట. విచారణలో తాతా, ఆయన కింద యంత్రానికి నూనె పోసే ఓబులేసూ అదే చెప్పారు. జర్మన్ దొర ఒక్కమాట ఎదురు చెప్పకుండా ఒప్పుకుని, కొన్ని రోజులకే దేశం వెళ్ళిపోయాడు.

ఇది మా ఇంట్లో చెప్పుకునే కథ. పుల్లన్న పేరు తప్పుగంట పుల్లన్న అయిపోయింది. అంతటితో ఆగలేదు. మా ఇంట్లో ఎవరు పొరపాటు చేసినా "తప్పుగంట కొట్టినావు" అంటారు. చారులో ఉప్పు ఎక్కువైతే తప్పుగంట. బస్సు మారి ఎక్కితే తప్పుగంట. పుల్లన్న కూతురు రమణమ్మ క్వార్టర్స్ వీధిలో నడిచి వెళ్తుంటే పిల్లలం గోడచాటున నక్కి "టంగ్, టంగ్" అని అరిచేవాళ్ళం. నేనూ అరిచాను. ఆవిడ తిరిగి చూసేది కాదు. అదేదో పెద్ద ఆట అనుకున్నాం.

ఇక జర్మనీ సంగతి. డెగ్గెన్‌డార్ఫ్‌లో మాస్టర్స్ చేయడానికి వచ్చాను. వచ్చినప్పుడు గది లేదు. గది లేకపోతే ఆన్‌మెల్డుంగ్ అనే చిరునామా నమోదు లేదు, అది లేకపోతే ఏ పనీ జరగదు. సీనియర్ల వంటగదిలో చాప వేసుకుని పడుకునేదాన్ని. ఒకరోజు మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు: ఊళ్ళో ఒక జర్మన్ ముసలాయన అనంతపురం వాళ్ళెవరైనా ఉన్నారా అని కాలేజీలో అడుగుతున్నాడట. గ్రూపంతా పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా ఇంటి కథలో జర్మన్ దొర గుర్తొచ్చాడు. వెళ్ళి తలుపు తట్టాను.

తలుపు తీసినాయన నన్ను ఎగాదిగా చూసి, "నీళ్ళు తాగుతావా?" అని తెలుగులో అడిగాడు. ఆయనే హెర్ కెర్నర్. కెర్నర్ గారనే రాస్తాను, అలా రాస్తేనే నాకు ఆయన కనపడతారు. ఆయనకి పది పన్నెండు తెలుగు మాటలు గుర్తున్నాయి. నీళ్ళు, పైకి, కిందికి, సరే, గంట. గనిలో పనికొచ్చే మాటలు. నేను తాత పేరు చెప్పాను. ఆయన మేడ మీద గది తలుపు తీసి చూపించారు. "ఇది నీదే. నీకెంత కాలం కావాలంటే అంత కాలం" అన్నారు. ఆయన భార్య ఫ్రావ్ కెర్నర్ వెనక నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది.

నిజం చెప్పాలంటే ఆ దయని నేను హక్కుగా తీసుకున్నాను. ఈయన పెట్టిన లెక్క వల్ల ఒక మనిషి పోయాడు, మా తాత జీవితాంతం బాధపడ్డాడు, గది ఇస్తే ఏమైంది, అనుకున్నాను. కాస్త టెక్కు కూడా చూపించాను. ఆయన కాఫీ కలిపి తెస్తే మహారాణిలా అందుకునేదాన్ని. ఛీ, తలచుకుంటే సిగ్గేస్తుంది.

కెర్నర్ గారు ఎర్రబండ గని చరిత్ర రాస్తున్నారు. ఆ చిన్న గనికి చరిత్ర రాసేవాళ్ళు ప్రపంచంలో ఇంకెవరూ లేరు. మనవాళ్ళు రాయలేదు. అక్కడ బతికినవాళ్ళు రాయలేదు. బవేరియాలో కూర్చుని ఈయన రాస్తున్నారు. ఆదివారాలు భోజనాలయ్యాక బల్ల మీద ఫోటోలు పరిచేవారు. ఈయనెవరు, ఆ షెడ్డులో ఏముండేది, ఈ పేరు ఎలా పలకాలి అని నన్ను అడిగేవారు. నాకు తెలియనివి అమ్మకి ఫోన్ చేసి కనుక్కునేదాన్ని. అమ్మ మురిసిపోయేది. "మా నాయన బోను నడిపితే లోపల నీళ్ళ చెంబు కూడా తొణకదని రాయమను" అనేది. ఆయన అదీ రాశారు.

ఆ ప్రమాదం తర్వాత కెర్నర్ గారు ఇంకే గనిలోనూ అడుగుపెట్టలేదు. ఊరి దగ్గర గ్రానైట్ క్వారీలో కాగితాల పని చేసుకుంటూ ఉండిపోయారు. యంత్రాలంటే ప్రాణం పెట్టే మనిషి యంత్రం ముట్టుకోలేదని ఫ్రావ్ కెర్నర్ ఒకసారి కేకు కోస్తూ మామూలుగా అన్నది. పిల్లల సైకిలు బాగుచేయమన్నా వేరే ఎవరినైనా పిలవమనేవారట.

పుస్తకంలో ప్రమాదం గురించిన అధ్యాయం మాత్రం మిగిలిపోయింది. పుల్లన్న కొట్టిన గంట ఏది? ఆయన్ని అదొక్కటే తినేస్తోంది. పాత లెక్కా, కొత్త లెక్కా? విచారణలో విన్నది సరిపోలేదు ఆయనకి. మనిషి నోటినుంచి వినాలి. తాత అప్పటికే లేడు. ఓబులేసు తాత మాత్రం ఉన్నాడు. అమ్మని అడిగి ఫోన్ నంబరు తీసుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం వీడియో కాల్ పెట్టించాను.

ఓబులేసు తాత కోడలు ఫోన్‌ని చెంబుకి ఆనించి నిలబెట్టింది. తెర నిండా తలపాగా, తెల్ల మీసం. "నువ్వు పో మ్మా, టీ పెట్టుపో" అని కోడల్ని పంపించేశాడు. కెర్నర్ గారు కుర్చీలో నిటారుగా కూర్చుని చేతులు జోడించారు. అటునుంచి ఆయనా జోడించాడు. 

"అడుగు," అన్నారు కెర్నర్ గారు జర్మన్‌లో, "పుల్లన్న ఏ గంట కొట్టాడు? నా లెక్కలోనా, పాత లెక్కలోనా?"

నేను తెలుగులో అడిగాను. ఓబులేసు తాత తల అడ్డంగా ఊపాడు.

"యా గంట మ్మా! గంట కొట్టనే లేదు. పుల్లన్న పూజకని తన సుత్తి తెచ్చుకునేకి కిందికి పోయినాడు. మేం యంత్రానికి పసుపూ కుంకం పెట్టి, తాడు సుట్టుకునే సోట నిమ్మకాయలు పెడితిమి. రావుకాలం వస్తాంది, ఒక్క సుట్టు తిప్పురా ఓబులేసూ అన్యాడు మీ తాత. నిమ్మకాయలు నలగాల గదా మ్మా. గంట మోగల్యా, పుల్లన్న ఇంగా లోపల్నే యాడనో ఉంటాడులే అనుకుంటిమి. నేనే తిప్పినా. ఆయప్ప అప్పుడే బోనులో కాలు పెట్న్యాడు."

 ఆయన ఆగలేదు.

"దొర తప్పేం లేదు మ్మా. ఆయన పెట్టిన లెక్క మేం పాటించింటే గదా! దొర ముందర ఒక లెక్క, దొర పోయినాక మా లెక్క. ఇచారణకి పెద్దోళ్ళు వస్తే, గంట మీదికి తోసేద్దామురా అని మీ తాతే అన్యాడు. నా సేత సెయ్యేసి ఒట్టు పెట్టించుకున్యాడు. ఆయప్ప పాయ. నేనూ పోయేటోన్నే. మీ అమ్మకి సెప్పొద్దు, తట్టుకోల్యాదు. దొరకి మాత్రం సెప్పు. నీ తప్పు కాదు దొరా అని సెప్పు. మమ్మల్ని మన్నించమని సెప్పు."

అని ఏడ్చాడు. చంటిపిల్లాడిలా, ముక్కు తుడుచుకోకుండా.

"ఏమంటున్నాడు?" కెర్నర్ గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. "ఎందుకు ఏడుస్తున్నాడు?"

"చాలా కాలమైంది, సరిగ్గా గుర్తు లేదంటున్నాడు," అన్నాను. "మిమ్మల్ని చూసేసరికి ఏడుపు వచ్చిందట."

ఆయన నా మొహంలోకి చూశారు. "గంట అన్నాడు కదా. ఆ మాట నాకు తెలుసు."

"అవును. ఏ గంటో గుర్తు లేదంటున్నాడు."

కెర్నర్ గారు తల వంచుకున్నారు. "నన్ను క్షమించమని చెప్పు," అన్నారు చివరికి.

అటునుంచి ఓబులేసు తాత ఆత్రంగా, "సెప్పినావా మ్మా? దొర ఏమంటాండాడు?"

"చెప్పినాను తాతా," అన్నాను. "క్షమించినానంటున్నారు."

ఇదీ నేను చేసిన పని. రాసేశాను. రాశాక చూస్తే ఇంతేనా అనిపిస్తోంది. నాలుగు ముక్కలు.

ఎందుకు చేశాను? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్ని రకాలుగా అడిగానో. తాత పరువు కోసం అని మొదట్లో చెప్పుకున్నాను. కానీ తాత పరువు ఆ గదిలో ఎవరికి కావాలి? అమ్మ కోసం అని తర్వాత అనుకున్నాను. అమ్మకి జర్మన్ రాదు, కెర్నర్ గారికి తెలుగు రాదు, నేను చెప్పకపోతే అమ్మకి ఎలా తెలుస్తుంది? మరి గది కోసమా? ఆయన తప్పు మీద కట్టుకున్న గూడు కదా నాది, ఆ తప్పే లేదని తేలితే నేను ఆ ఇంట్లో ఎవరిని, ఏ మొహం పెట్టుకుని ఆ కాఫీ తాగాలి, అని ఆ క్షణంలో నిజంగా అనుకున్నానా? అనుకున్నానేమో. అనుకోలేదేమో. నాలుక దానంతటదే మడతపడింది. నేను వెనకనుంచి చూస్తూ ఉండిపోయాను.

ఒక్కోసారి కోపం కూడా వస్తుంది. వీళ్ళిద్దరూ నన్నెందుకు మధ్యలో నిలబెట్టారు? చేసిందెవరు, మోస్తున్నదెవరు? నాకేం పట్టింది? వెంటనే సిగ్గేస్తుంది. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఆయన రెండోసారి కూడా అడిగారు. గంట అన్న మాట పట్టుకుని మరీ అడిగారు. తలుపు తెరిచి పట్టుకున్నట్టే కదా అది. నేనే మూసేశాను.

ఇంకో సంగతి ఉంది, అదే అన్నిటికంటే తికమక. ఓబులేసు తాతకి చెప్పింది కూడా అబద్ధమే. కానీ అది విని ఆయన మొహం ఎలా వెలిగిందో నేను చూశాను. కొన్నాళ్ళకే పోయాడు. అమ్మ ఫోన్‌లో చెప్పింది, "జర్మన్ దొర నాతో మంచిగా మాట్లాడినాడని వీధంతా చెప్పుకున్నాడంటమ్మా. నవ్వుతానే పోయినాడంట." ఒకే నోటితో, ఒకే నిమిషంలో, ఒకరికి అన్యాయం చేసి ఇంకొకరికి మేలు చేశానా? ఆయన ఇవ్వని క్షమ నేను ఇచ్చేశాను. అడిగినవాడికి చేరాల్సిన నిజం మింగేశాను. రెండూ కలిపితే ఏమవుతుంది? నాకు లెక్క కుదరదు.

రేపు చెప్దాం అనుకున్నాను. ఆ రేపు రాలేదు. పరీక్షలయ్యాక అన్నాను. థీసిస్ ఇచ్చాక అన్నాను. ఈలోగా కెర్నర్ గారు ఆ అధ్యాయం రాసేశారు. పేర్ల స్పెల్లింగులు సరిచూడమని నాకే ఇచ్చారు. పుల్లన్న పేరులో ఒక అక్షరం తప్పు పడితే దిద్దాను. అక్షరం దిద్దాను, చూడండి.

డిసెంబరు మొదట్లో అక్కడ గని పనివాళ్ళ దేవత బార్బరా పండగ. ఆ రోజు చెర్రీ కొమ్మ కోసి ఇంట్లో నీళ్ళలో పెడతారు, క్రిస్మస్‌కి పూస్తుంది. ఆ పండగ రోజు సాయంత్రం ఊరి హాల్లో గని చరిత్ర అంటే ఇష్టమున్న పెద్దవాళ్ళు కొందరు చేరారు. కెర్నర్ గారు కొత్తగా అచ్చయిన పుస్తకం పట్టుకుని ఆ అధ్యాయమే చదివారు. నేను చీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. ఫ్రావ్ కెర్నర్ నా చెయ్యి పట్టుకుంది. ఆయన చదివారు: అలవాటైన పద్ధతిని నేను మార్చాను, అది తెలియక ఒక మనిషి చనిపోయాడు, ఆ తప్పు నాది, డ్రైవరుది కాదు. చదివి, కళ్ళజోడు తీసి నా వైపు చూసి తల ఊపారు. డ్రైవరు మనవరాలి వైపు. హాలంతా నన్ను జాలిగా చూసింది. లేచి నిలబడితే చాలు. ఒక్క మాట చాలు. నా జర్మన్ అంత పాడైపోలేదు. కూర్చునే ఉన్నాను. చప్పట్లు కూడా కొట్టాను.

ఆయన పోయినప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వెళ్ళాను. అప్పటికి ఉద్యోగం, పెళ్ళి అన్నీ అయ్యాయి. అందరిలాగే గుప్పెడు మట్టి వేశాను. మట్టి వేసేటప్పుడు కూడా అనిపించింది, ఇప్పుడు చెప్పు, తెలుగులోనైనా చెప్పు, గంట లేదు అని చెప్పు, గంట అన్న మాటైనా ఆయనకి తెలుసు. వెనకాల జనం ఆగి ఉన్నారు. పక్కకి జరిగాను. ఒక్కోసారి అనిపిస్తుంది, ఆయనకి ఆ ఆదివారమే అర్థమైపోయిందేమోనని. గంట తెలిసినాయనకి లేదు అన్న మాట తెలియదా? తెలిసీ నా కోసం ఊరుకున్నారా? తెలిసీ ఆ పుస్తకం అచ్చు వేయించారా? అబ్బే, ఇది నేను నన్ను ఓదార్చుకోవడానికి అల్లుకున్నది. అదే నిజమైతే ఇంకా భయమేస్తుంది. ఆ మాట పక్కన పెట్టేశాను.

ఫ్రావ్ కెర్నర్ ఇప్పటికీ క్రిస్మస్‌కి నాకు బిస్కెట్ల డబ్బా పంపుతుంది. ఆవిడ చేత్తో చేసినవి. మా పాప లొట్టలు వేసుకుంటూ తింటుంది. నేను ఒక్కటీ ముట్టను.

ఇన్నేళ్ళు ఊరుకుని ఇప్పుడెందుకు రాస్తున్నావంటారా? మొన్న మా ఆయన కొత్త కారు కొన్నాడు. ఆయనది వరంగల్. ఇక్కడ మనవాళ్ళు కారు కొంటే ఏం చేస్తారో మీకు తెలుసు. అపార్ట్‌మెంట్ కింద పార్కింగులో కొబ్బరికాయ కొట్టి, బానెట్ మీద కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. పక్కింటి జర్మన్ ఆవిడ చేతిలో సంచులతో ఆగి ఆశ్చర్యంగా చూస్తోంది. మా ఆయన స్టీరింగ్ దగ్గర కూర్చుని, "అయిపోయినట్టే, ఒక్కసారి ముందటికి పోనిస్త" అన్నాడు.

నాకేమైందో తెలియదు. గట్టిగా అరిచాను. కారు ముందుకి వెళ్ళి నిలబడ్డాను. "ముందు చూడు! ఎవరైనా ఉన్నారేమో చూడు!"

"ఏందే, గట్ల అరుస్తున్నవ్? ముంగట ఎవ్వరు లేరు, నువ్వే ఉన్నవ్!"

పాప అంతకుముందే నా చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. అయినా కారు చుట్టూ తిరిగి, కిందికి వంగి, వెనక చూసి, అప్పుడు పక్కకి జరిగాను. చక్రం కింద నిమ్మకాయ చితికిన చప్పుడు వినపడింది. చాలా చిన్న చప్పుడు. 

మర్నాడు పొద్దున కీటాకి వెళ్ళే హడావుడిలో పాప చెప్పులు కుడీ ఎడమా మార్చి తొడిగాను. పాప కాళ్ళు చూసుకుని కిలకిలా నవ్వింది. "మమ్మీ, తప్పుగంట!"

ఆ మాట దానికి నేనే నేర్పాను. ఇంకెవరు నేర్పుతారు? నాలుగేళ్ళ పిల్ల, తెలుగు అడిగితే జర్మన్‌లో జవాబు చెప్పే పిల్ల, మా క్వార్టర్స్ తిట్టు మాత్రం చక్కగా పలుకుతోంది. పుల్లన్నని చూడనైనా చూడని పిల్ల. అనంతపురం ఎక్కడుందో తెలియని పిల్ల.

నేలమీద కూర్చుండిపోయాను. "ఆ మాట అనకూడదు నాన్నా," అన్నాను.

"వారుమ్?" ఎందుకు అని దానర్థం. రోజుకి వందసార్లు అడుగుతుంది.

"పుల్లన్న అని ఒక తాత ఉండేవాడు. ఆయన తప్పు గంట కొట్టాడని అందరూ అనేవాళ్ళు. ఆయన కొట్టలేదు."

పాప ఆలోచించింది. "వేర్ దెన్?" అంది. మరి ఎవరు?

"ఎవరూ కొట్టలేదమ్మా. గంట మోగకుండానే మా తాత బోను కదిలించమన్నాడు. పుల్లన్న పడిపోయాడు. తర్వాత మా తాత అబద్ధం చెప్పాడు. నాకు తెలుసు. తెలిసి కూడా నేను ఎవరికీ చెప్పలేదు."

ఆ మాటలు నా గొంతులోంచి బయటికి రావడం అదే మొదటిసారి. వింటే నా గొంతులాగే లేదు.  పాపకి ఎంత అర్థమైందో తెలియదు. తర్వాత "ఆహ్ సో" అని, అంటే ఓహో అలాగా అని, చెప్పులు విప్పి తనే సరిగ్గా వేసుకుంది.

నాకేమీ తేలిక కాలేదు. కాస్త ఊపిరి ఆడింది, అంతే. ఫ్రావ్ కెర్నర్‌కి చెప్పాలి. ఆవిడ ఇంకా ఉంది, ఇంకా బిస్కెట్లు పంపుతోంది. జర్మన్‌లో వాక్యాలు కూర్చుకుంటున్నాను, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతున్నాను. అమ్మకి చెప్పాలా? తెలియదు. చెబితే ఆవిడ ఆ చెంబు నీళ్ళ మాట ఇంకెప్పుడూ అనలేకపోతుంది. చెప్పకపోతే నేను మళ్ళీ ఆ దాచేసిన మనిషినే. రమణమ్మ మాత్రం తెలుగు చదువుతుంది. ఆ బూడిద దిబ్బ పక్కనే ఇప్పటికీ ఉంటోందని విన్నాను. అందుకే ముందు తెలుగులో రాస్తున్నాను. ఆవిడ ఇది చూస్తుందో లేదో, చూసినా నన్ను గుర్తుపడుతుందో లేదో. గోడచాటున అరిచిన పిల్లల్లో ఒకదాన్నని చెబితే గుర్తుపడుతుందేమో.

రమణమ్మా, మీ నాయన గంట కొట్టలేదు.